పాయింట్ టూటూ రైఫిల్: ఎంపికలో, సవరణలో ఏది ముందు

2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచిన తరువాత, ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టిన మన హైదరాబాదు పిల్లలు కూడా పాయింట్ టూటూ (0.22 అంగుళాల తూటా వాడే రైఫిల్) వైపు చూస్తున్నారు. ఈ నగరానికి రైఫిల్ క్రీడ కొత్తది కాదు. ఇక్కడే పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. అయితే ఎయిర్ రైఫిల్ నుంచి 50 మీటర్లకు మారేవారిలో చాలామంది మొదట అడిగేది ఏ కంపెనీ తుపాకీ కొనాలన్న ప్రశ్న. నా అభిప్రాయంలో ఆ ప్రశ్న నాలుగో స్థానంలో ఉండాలి. స్టాక్ (భుజానికి ఆనించి పట్టుకునే రైఫిల్ చట్రం) ఒంటికి కుదరడం మొదటిది, తూటా రెండవది, ట్రిగ్గర్ మూడవది. బ్యారెల్ జోలికి పోకపోవడమే మంచిది.

చట్టం సంగతి ముందే చెప్పుకోవాలి. 20 జౌళ్ల శక్తి మించని 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర లేదు గానీ, పాయింట్ టూటూ 1959 నాటి ఆయుధ చట్టం కిందికి వచ్చే మారణాయుధమే. నగరంలో దరఖాస్తు పోలీసు కమిషనర్ కార్యాలయానికి వెళుతుంది. 2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోగల ఆయుధాలు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు గడువు అయిదేళ్లకు పెరిగింది. గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యులు గురి సాధనకు వాడే పాయింట్ టూటూకు ఆ సంఖ్యా పరిమితి వర్తించదన్న మినహాయింపు చట్టంలోనే ఉంది. అందువల్ల రైఫిల్ వెతకడం కన్నా క్లబ్బులో చేరడం ముందు జరగాలి. క్లబ్బు రైఫిళ్లతో కొంతకాలం కాల్చినవాడికే తనకేం కావాలో తెలుస్తుంది.

ఈ తూటాలో మందును రగిల్చే రసాయనం మధ్యలో ఉండదు, అడుగున మడిచిన పలుచని అంచులో చుట్టూ పరచి ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచును నలిపినప్పుడు అది అంటుకుంటుంది. ఆ అంచు మందం సుమారు 1.1 మిల్లీమీటర్లు మాత్రమే కాబట్టి, బోల్టు (తూటాను వెనుక నుంచి మూసే కడ్డీ) ముఖానికీ చాంబరు (తూటా కూర్చునే గది) అంచుకీ మధ్య సందు ఎంత ఉందన్నది ప్రతి గుండు వేగాన్నీ ప్రభావితం చేస్తుంది. చేత్తో మూసే బోల్టు ప్రతిసారీ ఒకే చోట బిగుసుకుంటుంది, గుండు వెళ్లేదాకా లోపల ఏ భాగమూ కదలదు. పోటీ రైఫిళ్లన్నీ బోల్టు యాక్షన్‌లోనే ఉండడానికి కారణం ఇదే. త్రీ పొజిషన్స్‌లో తూటాను ఒక్కొక్కటిగానే పెట్టాలి కనుక మ్యాగజైన్ ఉందా లేదా అన్న చర్చతో పని లేదు.

కాలేజీలో ఎన్.సి.సి. చేసినవారికి పాయింట్ టూటూ అంటే క్యాంపులో పడుకుని కాల్చిన పాత రైఫిలే గుర్తుకు వస్తుంది. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేసే స్పోర్టింగ్ రైఫిల్ అలవాటు పడడానికి చాలు. పోటీల స్థాయిలో మాత్రం జర్మనీ అన్షుట్జ్, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్ పేర్లే ఎక్కువగా వినబడతాయి. విదేశీ ఆయుధాల దిగుమతిపై మన దేశంలో కట్టుబాట్లు ఉన్నందువల్ల, కొత్త షూటర్ చేతికి వచ్చేది ఎక్కువగా మరొక షూటర్ వాడి వదిలిన రైఫిలే. అది చెడ్డ సంగతి కాదు. మెత్తని సీసపు గుండు బ్యారెల్‌ను అంత తొందరగా అరగదీయదు. చక్కగా చూసుకున్న అన్షుట్జ్ దశాబ్దాల తరువాత కూడా పది గీతలో (లక్ష్యం మధ్యనున్న పది పాయింట్ల వృత్తంలో) వేస్తుంది. చూడవలసింది చాంబరు అంచును. ఖాళీ చాంబరుపై అదేపనిగా ట్రిగ్గర్ నొక్కిన రైఫిల్‌లో ఫైరింగ్ పిన్ తూటా అంచుకు బదులు ఉక్కునే కొట్టి అక్కడ చిన్న నొక్కు చేస్తుంది, దానివల్ల తూటా దూరడం, ఖాళీ తొడుగు బయటికి రావడం కష్టమవుతాయి. ఆ తరువాత బ్యారెల్ కొసను వెలుతురులో చూడాలి. గుండు చివరగా తాకి వదిలే ఆ అంచుపై గాటు ఉంటే గుంపు (లక్ష్యంపై గుండ్లు చేసిన రంధ్రాల సమూహం) విప్పారుతుంది.

ఇక స్టాక్. దీని మీద ఎంత సమయం పెట్టినా వృథా కాదు. చెప్పు కాలికి సరిపోవాలి గాని కాలు చెప్పుకు సరిపోవడం ఎక్కడా లేదు, అయినా తుపాకీ విషయంలో చాలామంది మెడ వంచి, భుజం ఎత్తి దానికే సర్దుకుంటారు. షూటింగ్ జాకెట్ తొడుక్కునే కొలతలు చూడాలి, ఎందుకంటే దాని మందం వల్ల బట్ (భుజానికి ఆనే స్టాక్ వెనుక భాగం) పొడవు మారిపోతుంది. రైఫిల్‌ను భుజానికి ఆనించి, చెంపను చీక్‌పీస్‌పై వాల్చి, కళ్లు మూసుకుని రెండు మూడు సార్లు ఊపిరి తీసి వదిలి, తెరిచినప్పుడు వెనుక సైట్ రంధ్రం మధ్యలోనే ముందు రింగు కనబడాలి. అలా కనబడేదాకా చీక్‌పీస్ ఎత్తు, బట్‌ప్లేట్ స్థానం కొద్దికొద్దిగా జరుపుతూ పోవాలి. పడుకున్నప్పుడు, మోకాలిపై కూర్చున్నప్పుడు, నిలబడినప్పుడు శరీరం కూర్పు వేరు కాబట్టి మూడు భంగిమలకూ మూడు అమరికలు వస్తాయి. వాటిని నోటు పుస్తకంలో రాసి, స్టాక్ సవరణ పట్టాలపై గుర్తులు పెట్టుకున్నవారు పోటీలో తడబడరు. ఎదిగే పిల్లలకైతే ఈ కొలతలు కొన్ని నెలలకోసారి మళ్లీ చూడక తప్పదు. వీటన్నింటి కన్నా ముందు మీ బలమైన కన్ను (గురి చూసేటప్పుడు మెదడు ఎక్కువగా ఆధారపడే కన్ను) ఏదో తేల్చుకోండి; ఎడమ కన్ను బలమైనదైతే ఎడమచేతి వాటం రైఫిల్ గురించి అప్పుడే ఆలోచించాలి.

తూటా విషయానికి వస్తే, ఒకే కంపెనీ, ఒకే రంగు డబ్బా అయినా లాట్ (ఒకే విడతలో తయారైన తూటాలు) నంబరు మారితే గుంపు మారుతుంది. అంచులో పరచిన రసాయనం, సీసం బరువు, పైపూత మైనం, వీటిలో రవ్వంత తేడా కూడా 50 మీటర్ల దూరంలో కనబడుతుంది. పది గీత వ్యాసం 10.4 మిల్లీమీటర్లే మరి. అందువల్ల రైఫిల్‌ను కదలని ఆధారంపై పెట్టి ఒక్కో లాట్ నుంచి పదేసి గుండ్ల గుంపులు కాల్చి పోల్చాలి. అయిదు గుండ్ల గుంపు అదృష్టాన్ని చూపిస్తుంది గాని నిజాన్ని కాదు. లాట్ మార్చిన వెంటనే వచ్చే మొదటి గుంపులను లెక్కలోకి తీసుకోకూడదు, కొత్త మైనం బ్యారెల్ లోపల సర్దుకోవాలి. సరిపడిన లాట్ దొరికితే లైసెన్సు అనుమతించినంత మేరకు ఒకేసారి తీసి పెట్టుకోవాలి. ఇక్కడ సరఫరా మన చేతిలో ఉండదు.

హై వెలాసిటీ తూటాల జోలికి పోవద్దు. పోటీ తూటా సెకనుకు 330 మీటర్ల చుట్టుపక్కల వేగంతో, ధ్వని వేగానికి లోపలే వెళుతుంది. ధ్వని వేగాన్ని దాటి బయలుదేరిన గుండు దారిలో మళ్లీ దాని కిందికి దిగేటప్పుడు తొణుకుతుంది. మన ఎండలో ధ్వని వేగం సెకనుకు 350 మీటర్ల వరకు ఉంటుంది కాబట్టి ఈ ఒక్క విషయంలో హైదరాబాదు వేడి మనకు తోడే. అదే ఎండలో మూసిన కారులో తూటాల డబ్బా వదిలితే మాత్రం మైనం కరుగుతుంది.

ట్రిగ్గర్‌ను తయారీదారు ఇచ్చిన సవరణ పరిధి లోపలే తేలిక చేయాలి. పోటీ ట్రిగ్గర్లు సుమారు 100 గ్రాముల ఒత్తిడికే విడుదలవుతాయి, వేట రైఫిల్ ట్రిగ్గర్‌ను అరగదీసి ఆ స్థాయికి తేవాలనుకోవడం ప్రమాదం. సవరించిన ప్రతిసారీ చాంబరు ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, బోల్టు మూసి, బట్‌ను రబ్బరు చాపపై తట్టి చూడాలి. ట్రిగ్గర్ తనంతట తాను విడుదలైతే ఆ సవరణ పనికిరాదు. గుండ్లు నిలువుగా పరుచుకుంటున్నాయంటే నేరం ట్రిగ్గర్‌దని అనుకునే ముందు ఫైరింగ్ పిన్ స్ప్రింగ్ చూడండి. అది నీరసించినప్పుడు అంచు సరిగా నలగక వేగం మారుతుంది. స్ప్రింగ్ మార్చడానికి అయ్యే ఖర్చు కొత్త సైట్ ధరలో లేశమంత.

యాక్షన్‌ను (బోల్టు, చాంబరు ఉండే లోహ భాగాన్ని) స్టాక్‌కు బిగించే స్క్రూలను టార్క్ రెంచితో, మాన్యువల్‌లో చెప్పిన అంకెకే బిగించాలి. చెక్క స్టాక్ అయితే జూన్ నుంచి సెప్టెంబరు దాకా తేమకు ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుంటుంది, దానితో పాటే గురి పక్కకు జరుగుతుంది. అల్యూమినియం స్టాక్‌కు ఈ బాధ లేదు. చెక్కే ఇష్టమైతే యాక్షన్ కింద ఎపాక్సీతో బెడ్డింగ్ (యాక్షన్ సందు లేకుండా కూర్చునే పూత) చేయించుకోవచ్చు, ఆ పని లైసెన్సు ఉన్న తుపాకీ మరమ్మతుదారు చేతనే చేయించాలి. బ్యారెల్ పొట్టి చేయడాన్ని ఆయుధ చట్టం 6వ సెక్షన్ అనుమతి లేకుండా నిషేధిస్తుంది కనుక ఇంటర్నెట్‌లో కనబడే విదేశీ వీడియోలు చూసి రంపం పట్టకండి.

రైఫిల్ ఎంత సవరించినా గాలి మిగిలే ఉంటుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో దక్కను మీద వీచే పడమటి గాలి, సెకనుకు నాలుగయిదు మీటర్ల అడ్డగాలి అయినా సరే, ఈ నిదానపు గుండును 50 మీటర్లలో రెండు సెంటీమీటర్లకు పైగా పక్కకు నెడుతుంది. అంటే పది గీత వ్యాసానికి రెట్టింపు. ట్యూనర్ (బ్యారెల్ కొసకు తగిలించే సవరణ బరువు) కొనడానికి దాచుకున్న డబ్బును ఆ నెలల్లో తూటాలకు ఖర్చు పెట్టి, గాలిని చూపే జెండాలు చూస్తూ కాల్చడం నేర్చుకోవడమే మేలని నా గట్టి నమ్మకం. వానాకాలంలో ఇంటికి రాగానే రైఫిల్‌ను కేసులోంచి తీసి ఆరబెట్టి, చాంబరు ముందు పేరుకునే మసి ఉంగరాన్ని వెనుక వైపు నుంచే శుభ్రం చేసి, నూనె గుడ్డతో పలుచగా తుడిచి, సిలికా జెల్ పొట్లాలున్న బీరువాలో బోల్టును విడిగా తాళం వేసి ఉంచండి.