ఎర్ర బియ్యం మాత్రలు, నా కాళ్ళు

ఇప్పుడు మెట్లెక్కుతున్నాను, జొన్నరొట్టెలు కూడా నేనే చేసుకుంటున్నాను, అందుకే కూర్చుని రాయగలుగుతున్నా. అప్పుడైతే ఫోన్ పట్టుకున్నా చెయ్యి గుంజేది.

నాకు షుగర్ లేదు, వచ్చేటట్టుంది అన్నారు. రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 ఉంది. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, 6.5 నుంచి షుగరే. దానికి తోడు చెడ్డ కొలెస్ట్రాల్ 168. నల్లగొండలో డాక్టరు గారు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మందు అటోర్వాస్టాటిన్ 10 రాసి, అన్నం తగ్గించి రోజూ నడవమన్నారు. అంతవరకు బాగానే ఉంది.

మా తోడికోడలు చెయిన్ సిస్టమ్‌లో సప్లిమెంట్లు అమ్ముతుంది. నా రిపోర్టు సంగతి తెలిసి ఒక సీసా తెచ్చిచ్చింది. "అక్కా, ఇది మందు కాదు, బియ్యంతోని చేస్తరు, సైడ్ ఎఫెక్టులు ఉండయి" అంది. డాక్టరు గోలీ వేసుకుంటున్నా కదా అంటే, "రెండూ వేసుకో, ఇంకా మంచిగైతది" అంది. నేను అంతటితో ఊరుకోలేదు, తర్వాతి చెకప్‌కి ఆ సీసా తీసుకుపోయి డాక్టరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన ముట్టుకోను కూడా లేదు. "విటమిన్లే కదమ్మా, వాడుకోండి" అని తర్వాతి పేషెంట్‌ని పిలిచారు. ఆ మాట మీద నాకు ఇవాళ్టికీ కోపమే. ఆ సీసా తిప్పి చదవడానికి అర నిమిషం చాలు.

కొన్నాళ్ళకు దగ్గు పట్టుకుంటే ఇంకో క్లినిక్‌లో క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. అది మొదలుపెట్టాక తొడలు బరువెక్కాయి. కింద కూర్చుంటే లేవలేను, జడ వేసుకుందామని చేతులెత్తితే నిలవవు. బతుకమ్మ రోజులు కావడంతో ఆడి ఆడి నొప్పులొచ్చాయని అందరూ అన్నారు. క్లినిక్‌కు మళ్ళీ పోతే అక్కడాయన నవ్వి, "నల్లగొండ నీళ్ళమ్మా, ఫ్లోరైడ్ నొప్పులు గిట్లనే ఉంటయి" అని నొప్పుల గోలీలు రాశాడు. ఫ్లోరైడ్ పీడించిన మనుషులను నేను చిన్నప్పటి నుంచి చూశాను, మా మేనమామ నడుము వంగిపోయే పోయాడు. ఆ నొప్పి ఎముకల్లో, కీళ్ళలో ఏళ్ళ తరబడి ముదురుతుంది. నాకు కండలు నొప్పి, అదీ నాలుగు రోజుల్లో వచ్చింది. మన జిల్లా బాధ పేరు చెప్పి మనిషిని చూడకుండా పంపేస్తారా?

ఆ రాత్రి రెండు గంటలప్పుడు బాత్రూమ్‌కు పోవాలనిపించి లేవబోతే కాళ్ళు మాట వినలేదు. మా ఆయన చంకల కింద చేతులేసి లేపి తీసుకుపోయాడు. లైటు వేసి చూస్తే మూత్రం నల్లటి డికాక్షన్ రంగులో ఉంది. నేను రక్తమనుకున్నాను. గోడ పట్టుకుని నిలబడ్డా, అరవడానికి కూడా గొంతు రాలేదు, పిల్లది ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది, దాని సంగతేంటి అన్న ఒక్క ఆలోచనే తిరిగింది. అత్తమ్మ లేచొచ్చి నా నెత్తి మీద చెయ్యి పెట్టి, చెర్వుగట్టు జడల రామలింగేశ్వరస్వామికి మొక్కింది. పక్కింటి తమ్ముడు కారు తీశాడు. దారంతా ఎవరూ మాట్లాడలేదు.

ఆసుపత్రిలో రక్తం తీశారు, సెలైన్లు పెట్టారు. కండలు దెబ్బతిన్నాయా అని చూసే సీపీకే అనే పరీక్ష మామూలుగా రెండు వందల లోపు ఉండాలట, నాది 38 వేలు వచ్చింది. కండలు కరిగి రక్తంలో కలుస్తున్నాయి, దాంతో కిడ్నీలు పాడవుతాయి అన్నారు. ఆ నొప్పుల గోలీలు ఇంకా వాడి ఉంటే కిడ్నీలకు మరింత ముప్పేనట.

అక్కడ ఒక నర్సమ్మ ఉంది. "అమ్మా, డాక్టర్ రాసినయి కాక ఇంకేం మింగుతున్నవు? పొడులు, కషాయాలు, అన్నీ చెప్పు" అని అడిగింది. అన్ని రోజుల్లో ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. ఇంటి నుంచి సీసా తెప్పించి సన్న అక్షరాలు చదివింది: రెడ్ ఈస్ట్ రైస్, నియాసిన్ అనే బి3 విటమిన్. రెడ్ ఈస్ట్ రైస్ అంటే మనం వండుకునే ఎర్ర బియ్యం కాదు, ఒక రకం ఈస్ట్‌తో పులియబెట్టిన బియ్యం. ఆ ఎర్ర బియ్యంలో మోనకోలిన్ కె ఉంటుంది, అది లోవాస్టాటిన్ అనే మందే, పేరే వేరు. అంటే ఒక స్టాటిన్ మీద ఇంకో స్టాటిన్. పైగా క్లారిత్రోమైసిన్ వాటిని ఒంట్లోంచి తొందరగా పోనివ్వదు. నియాసిన్ ఏమో డోసు ఎక్కువైతే షుగర్ పెంచుతుంది, అన్నం సగానికి తగ్గించినా నా 6.1 కాస్తా 6.3 ఎందుకైందో అప్పుడు అర్థమైంది. 2024లో జపాన్‌లో ఈ ఎర్ర ఈస్ట్ బియ్యం మాత్రల్లోనే వేరే విషం కలిసి వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. సహజమైనది అని అమ్మేవాళ్ళకు ఇవన్నీ తెలియవా?

దేవుడి దయ, కిడ్నీలు నిలబడ్డాయి, డయాలిసిస్ దాకా పోలేదు. మొక్కు తీర్చుకున్నాం, ఆ నర్సమ్మకు చీర పెడితే తీసుకోలేదు. కండలు కోలుకున్నాక వేరే స్టాటిన్ చిన్న డోసుతో మొదలుపెట్టారు, దానికి నేను భయపడలేదు, ఎందుకంటే ఈసారి ఏమిస్తున్నారో నాకు తెలుసు. రాత్రి ఇసబ్‌గోల్ తాగుతున్నా, అది కూడా డాక్టరును అడిగే, గోలీలకు ఎడం ఇచ్చి. పొద్దున పానగల్ ఉదయసముద్రం కట్ట మీద నడుస్తున్నా.

మీ ఇంట్లో ఎవరైనా స్టాటిన్ వాడుతుంటే వాళ్ళు మింగే ప్రతి డబ్బా డాక్టరు చేతికిచ్చి చదివించండి, చదవకపోతే లేవకండి. కొత్తగా కండలు నొప్పిపెట్టి మూత్రం నల్లబడితే తెల్లారేదాకా ఆగకండి. మందులతో చెడు జరిగితే చెప్పడానికి 1800-180-3024 అని ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబర్ ఉంది.

మా తోడికోడలు ఏడ్చింది, కాళ్ళు పట్టుకోబోయింది. నేను ఏడవద్దన్నాను, మిర్యాలగూడలో ఎవరెవరికి ఆ సీసాలు అమ్మిందో పేర్లు రాసిమ్మన్నాను. ఇచ్చింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నా, వాళ్ళలో ఇద్దరు ఇప్పటికే స్టాటిన్ మీద ఉన్నారు.