వాహనాల లోహభాగాలకు మెరుగు పెట్టడం: పాలిష్‌లు, పనిముట్ల ఎంపికలో నా అనుభవం

వాహనాల రంగుకు మెరుగు పెట్టే పనిలో కుదురుకున్నాక లోహభాగాల పని కూడా చేపట్టాలనుకున్నాను. అప్పుడు నా ముందు నిలిచిన మొదటి ప్రశ్న ఏ పాలిష్ కొనాలన్నది. దొరికే డబ్బాలలో చాలావాటి మీద అల్యూమినియం, క్రోమ్, స్టెయిన్‌లెస్ స్టీల్, ఇత్తడి అన్నింటికీ పనికొస్తుందని రాసి ఉంటుంది. ఆ మాట పూర్తిగా అబద్ధమని అనను గాని, ఒక లోహం మీద ఏమాత్రం చాలని పాలిష్ మరో లోహం మీద మితిమీరిపోతుంది. అందువల్ల డబ్బాల సంగతి పక్కన పెట్టి, నా చేతికి వచ్చే భాగాలు ఏ లోహంతో తయారయ్యాయో, వాటి పైపొర ఏమిటో తెలుసుకోవడంతో ఆరంభించాను. ఈ పనిలో ఇప్పటికీ నేను అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టేది ఆ గుర్తింపు మీదే.

గుర్తింపుకు ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ఒక చిన్న అయస్కాంతం, ఒక తెల్లటి గుడ్డ, విద్యుత్తు ప్రసరిస్తోందో లేదో చూపే ఒక మల్టీమీటర్ ఉంటే చాలు. ఉక్కు మీద క్రోమ్ పూత ఉన్న బంపర్‌కు అయస్కాంతం అతుక్కుంటుంది, అల్యూమినియానికి అతుక్కోదు. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో 304 రకానికి దాదాపుగా అతుక్కోదు, ఎగ్జాస్ట్ గొట్టాలలో, అలంకార పట్టీలలో వాడే 430 రకానికి మాత్రం అతుక్కుంటుంది. కాబట్టి అయస్కాంతం ఒక్కదాని మాటే నమ్మకూడదు. అల్లాయ్ వీల్ విషయానికి వస్తే, కంటికి కనబడని ఒక మూల కొద్దిగా మెటల్ పాలిష్ వేసి తెల్ల గుడ్డతో రుద్దుతాను. గుడ్డ నల్లబడితే చేతికి తగులుతున్నది పూత లేని అల్యూమినియం; ఆ నలుపు పాలిష్‌లో కలిసిన సన్నని లోహపు రజను. గుడ్డ పాలిష్ రంగులోనే ఉండిపోతే పైన క్లియర్ కోట్, అంటే రంగులేని పారదర్శక రక్షణ పొర, ఉన్నట్టు. అలాంటి చక్రానికి మెటల్ పాలిష్ అవసరమే లేదు. కారు రంగుకు వాడే సన్నని పాలిష్, మెత్తని ఫోమ్ ప్యాడ్ సరిపోతాయి.

అన్నిటికంటే జాగ్రత్తగా పోల్చుకోవలసింది అనోడైజ్ చేసిన అల్యూమినియాన్ని. కిటికీల చుట్టూ ఉండే పట్టీలు, రూఫ్ రెయిల్స్, మోటార్‌సైకిల్ ఫోర్కుల పైభాగాలు తరచుగా ఇలాంటివే. అనోడైజింగ్ అనేది పైన పూసిన రంగు కాదు; విద్యుత్తు సాయంతో అల్యూమినియం ఉపరితలాన్నే ఆక్సైడ్‌గా మార్చిన పొర. ఆ పొర గట్టిది, విద్యుత్తును తన గుండా పోనివ్వనిది. అందుకే మల్టీమీటర్‌ను విద్యుత్తు ప్రసరిస్తే మోగేలా పెట్టి, దాని తీగల కొనలు రెండింటినీ గీత పడకుండా తేలికగా ఆనించి చూస్తాను. పూత లేని అల్యూమినియమైతే మీటర్ మోగుతుంది, అనోడైజ్ చేసినదైతే మోగదు. ఆ పొర మసకబారి తెల్లటి చారలు పడిందంటే, చాలాసార్లు కారణం గాఢమైన క్షారగుణం గల క్లీనర్. దానిని పాలిష్‌తో తిరిగి మెరిపించాలంటే పొర మొత్తాన్నీ తీసివేయాలి, ఆ తర్వాత దాని రక్షణ ఉండదు. ఈ సంగతి వాహన యజమానికి ముందే వివరంగా చెప్పి, ఆయన సరే అంటేనే ముట్టుకుంటాను.

క్రోమ్ గురించి తెలుసుకున్నాక నా కొనుగోలు జాబితా సగం మారిపోయింది. అలంకారం కోసం వేసే క్రోమ్ పూత మందం సాధారణంగా ఒక మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) సగానికి మించదు; దాని కింద ఉండే నికెల్ పొరే అసలు రక్షణ. క్రోమ్ చాలా గట్టి లోహం, దానికదిగా తుప్పు పట్టదు. మనకు బంపర్ మీద చుక్కలు చుక్కలుగా కనిపించే తుప్పు, పూతలోని సూక్ష్మ రంధ్రాల గుండా పైకి వచ్చిన లోపలి ఉక్కుది. ఇంత పలుచని పొర మీద కోత, అంటే ఉపరితలాన్ని అరగదీసే గుణం, ఎక్కువగా ఉన్న పాలిష్ ఎందుకు వాడాలి? తుప్పు చుక్కలకు పలుచని అల్యూమినియం రేకును (ఫాయిల్) నలిపి, నీటిలో తడిపి, తేలికగా రుద్దితే చాలావరకు పోతాయి; అల్యూమినియం క్రోమ్ కంటే ఎంతో మెత్తనిది కనుక పూతకు గీతలు పడవు. ఆ తర్వాత సన్నని పేస్టుతో చేత్తోనే తుడిచి, వెంటనే రక్షణ పూత వేస్తాను. పూత పొరలు పొరలుగా లేచిపోయిన చోట ఏ పాలిష్‌కూ పని లేదు, మళ్ళీ ప్లేటింగ్ చేయించవలసిందే. ప్లాస్టిక్ మీద క్రోమ్ వేసిన గ్రిల్స్‌కు యంత్రం అసలు ఆనించను, ఎందుకంటే రాపిడి వేడికి కింది ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

ఇక అల్యూమినియం. లోహపు పనిలో ఎక్కువ కాలం, ఎక్కువ ఓపిక కోరేది ఇదే. ట్రక్కుల ఇంధన ట్యాంకులు, పూత లేని చక్రాలు, మోటార్‌సైకిల్ ఇంజిన్ కవర్లు ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ నిలిచి బూడిదరంగుకు తిరిగితే, పేస్టు పాలిష్ ఒక్కటే వాటిని బాగు చేయలేదు. లోతైన మరకలు, గుంటలు ఉన్న చోట వాటర్ పేపర్‌తో, అంటే నీటితో తడిపి రుద్దే గరుకు కాగితంతో, మొదలుపెట్టాలి. పేపర్ కొనేటప్పుడు అంకె ముందు పి అనే అక్షరం ఉందో లేదో చూడటం అలవాటు చేసుకున్నాను. యూరోపియన్ కొలతలో పి400 కాగితపు రేణువు సగటున 35 మైక్రాన్లు, పి800 రేణువు దాదాపు 22, పి1500 రేణువు 12.6, పి2000 రేణువు 10.3 మైక్రాన్లు ఉంటుంది. అమెరికన్ కొలతలో 600 అని ఉన్న కాగితం ఇంచుమించు పి1200కు సమానం. ఈ తేడా గమనించకుండా రెండు రకాలను కలిపి వాడితే, ముందుకు వెళుతున్నామనుకుంటూనే ముతక గీతలు వేస్తుంటాము.

పేపర్ మార్చిన ప్రతిసారీ రుద్దే దిశను కూడా అడ్డంగా మారుస్తాను. పి400తో నిలువుగా రుద్దిన చోట పి800తో అడ్డంగా రుద్దుతూ, చేతిదీపాన్ని పక్క నుంచి ఏటవాలుగా పట్టి చూస్తే, వెనకటి నిలువు గీతలు ఒక్కొక్కటే అడ్డగీతల కింద కరిగిపోవడం స్పష్టంగా కనిపిస్తుంది. చివరి నిలువు గీత మాయమయ్యేదాకా తర్వాతి కాగితానికి వెళ్ళకూడదు. తొందరపడి వదిలేసిన ఒక్క గీత, బఫింగ్ (తిరిగే గుడ్డ చక్రంతో మెరుగు పెట్టడం) అంతా పూర్తయి అద్దంలా మెరిశాక మొత్తం పనిలో మొదట కంటికి కనిపించేది అవుతుంది. మధ్యమధ్య నీటితో కడగడం, కాగితం మార్చే ముందు గుడ్డ కూడా మార్చడం చిన్న విషయాలుగా తోచినా, ముతక రేణువు ఒక్కటి సన్నని కాగితం కిందికి చేరితే ఏమవుతుందో ఈ పని చేసేవారికి చెప్పనక్కర్లేదు.

వాటర్ పేపర్ తర్వాత బఫింగ్ బార్ల వంతు, అంటే బఫింగ్ చక్రానికి పట్టించే గట్టి పాలిష్ కడ్డీలు. గోధుమరంగు ట్రిపోలీ సన్నని సిలికా పొడితో తయారవుతుంది, మెత్తని లోహాల మీద తొలి కోతకు మంచిది. తెల్ల బార్లలో సాధారణంగా అల్యూమినియం ఆక్సైడ్, ఆకుపచ్చ బార్లలో క్రోమియం ఆక్సైడ్, ఎర్ర రూజ్‌లో ఐరన్ ఆక్సైడ్ ఉంటాయి. అయితే ఈ రంగులకు అందరూ పాటించే ప్రమాణం ఏదీ లేదు. ఒక తయారీదారు ఆకుపచ్చ బార్ చివరి మెరుగుకైతే, మరొకరిది స్టెయిన్‌లెస్ స్టీల్ కోతకు ఉద్దేశించినదై ఉండవచ్చు. అందువల్ల రంగు చూసి కాక, ఏ లోహానికి, ఏ దశకు అన్న వివరం చదివి ఒకే తయారీదారు బార్లను వరుసగా తీసుకున్నాను. ఒక్కో బార్‌కు ఒక్కో బఫింగ్ చక్రం కేటాయించి, దాని పేరు చక్రం మీదే రాసి, విడివిడి సంచుల్లో పెడతాను. కోతకు కుట్లు దగ్గరగా ఉన్న గట్టి నూలు చక్రం, మెరుగుకు కుట్లు లేని వదులు నూలు చక్రం లేదా ఫ్లానెల్ చక్రం.

అసలు కోత బార్‌లో మాత్రమే ఉండదు. బార్, చక్రం, వేగం మూడూ కలిసి దానిని నిర్ణయిస్తాయి. ఈ సంగతి లెక్క కట్టి చూసుకున్నాకే యంత్రాల ఎంపిక నాకు తేలికయింది. 200 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి 3,000 సార్లు తిరిగితే దాని అంచు సెకనుకు దాదాపు 31 మీటర్ల వేగంతో లోహాన్ని తాకుతుంది. అదే వేగంతో తిరిగే డ్రిల్లుకు 50 మిల్లీమీటర్ల చక్రం బిగిస్తే ఆ వేగం 8 మీటర్లకు పడిపోతుంది. డ్రిల్లుతో పని సాగడం లేదని పాలిష్‌ను తప్పుపట్టేవారిని చూశాను. లోపం పాలిష్‌లో లేదు, అంచు వేగం చాలలేదు. ఆ కారణంగానే పెద్ద ఉపరితలాలకు వేగం మార్చుకోగల రోటరీ పాలిషర్‌ను, వాహన చక్రాల ఊచల మధ్య ఇరుకు చోట్లకు చిన్న ఫెల్ట్ ముక్కలు, నూలు కోన్‌లు బిగించే డై గ్రైండర్‌ను ఎంచుకున్నాను. డై గ్రైండర్ నిమిషానికి 20,000 సార్లకు పైగా తిరగగలదు కనుక, బిగించే ప్రతి ముక్క మీదా ముద్రించిన గరిష్ఠ వేగాన్ని చూడకుండా స్విచ్ వేయను. తిరుగుతూనే అటూ ఇటూ కదిలే డ్యూయల్ యాక్షన్ పాలిషర్ లోహం మీద పెద్దగా కోయదు, కానీ చివరి దశలో మసక గీతలు పోగొట్టడానికి బాగా పనికొచ్చింది.

స్టెయిన్‌లెస్ స్టీల్ పద్ధతి వేరు. అది అల్యూమినియం కంటే గట్టిది, వేడిని ఎన్నో రెట్లు నెమ్మదిగా ప్రసరింపజేస్తుంది. ఒకేచోట యంత్రాన్ని ఆపితే ఆ వేడి అక్కడే నిలిచిపోయి రంగు తిరుగుతుంది, పలుచని రేకైతే వంగుతుంది కూడా. ఎగ్జాస్ట్ గొట్టం మీద కనబడే పసుపు, నీలం ఛాయలు మురికి కావు. వేడికి ఉపరితలం మీద పెరిగిన ఆక్సైడ్ పొర మందాన్ని బట్టి కంటికి తోచే రంగులు. పాలిష్‌తో అవి పోతాయి, బండి నడిపితే మళ్ళీ వస్తాయి. ఉక్కు పీచును మాత్రం నేను స్టెయిన్‌లెస్ మీదా అల్యూమినియం మీదా వాడను. దాని ఇనుప రజను ఉపరితలంలో ఇరుక్కుని తర్వాత తుప్పు చుక్కలుగా బయటపడుతుంది. పీచు తప్పనిసరి అయినప్పుడు కంచు పీచు తీసుకుంటాను.

ఇత్తడి భాగాలు పాత వాహనాలలో తప్ప అరుదు. చిలుము వదిలించే కొన్ని ద్రవాలలో అమ్మోనియా ఉంటుంది. ఇత్తడి మీద ఆ తడి అలాగే నిలవ ఉండిపోతే లోహానికి పగుళ్ళు పుట్టే ప్రమాదం ఉంది కనుక, పని ముగియగానే కడిగి ఆరబెట్టడం తప్పదు.

భద్రత విషయంలో నేను పట్టింపు మనిషిని. బఫింగ్ చక్రం ఎప్పుడూ భాగపు అంచు నుంచి బయటికి తిరగాలి గాని అంచు మీదికి తిరగకూడదు. అంచుకు తగులుకుంటే భాగాన్ని చేతిలోంచి లాగి విసిరేస్తుంది. ట్రిపోలీలోని సిలికా ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కాబట్టి ధూళిని ఆపే మాస్కు, కళ్ళద్దాలు లేకుండా పని మొదలుపెట్టను. వదులు చేతి తొడుగులు, పొడవు చేతుల చొక్కా తిరిగే చక్రం దగ్గర పనికిరావు. అల్యూమినియం ధూళి మండే స్వభావం గలది. ఉక్కును గ్రైండ్ చేసేటప్పుడు వచ్చే నిప్పురవ్వలు, ఇనుప తుప్పు దానితో కలిస్తే ప్రమాదం మరింత పెద్దది. అందుకే ఈ రెండు లోహాల పనినీ ఒకే బల్ల దగ్గర చేయను, ధూళిని ఏ రోజుకారోజు శుభ్రం చేస్తాను.

బఫింగ్ తర్వాత మిగిలే నల్లటి జిడ్డును చాలామంది ఇంకాస్త పాలిష్‌తో తుడవాలని చూస్తారు. దాని మీద మెత్తటి మొక్కజొన్న పిండి చల్లి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే, పిండి ఆ జిడ్డును పీల్చుకుని మూలల్లోంచి కూడా లాగేస్తుంది. ఆ పైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచాకే రక్షణ పూత పట్టు దొరికి నిలుస్తుంది. కార్నూబా మైనం దాదాపు 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగిపోతుంది కనుక చక్రాలకూ ఎగ్జాస్ట్‌కూ అది తగదు. వాటికి వేడిని ఓర్చుకునే సింథటిక్ సీలెంట్ లేదా సిరామిక్ పూత వేస్తాను. బండి అప్పగించేటప్పుడు, పూత లేని అల్యూమినియం మీద ఆమ్లగుణం గానీ గాఢమైన క్షారగుణం గానీ ఉన్న వీల్ క్లీనర్ వాడవద్దని, మామూలు కార్ షాంపూతో కడిగి నీటి చుక్కలు ఆరకముందే తుడవమని కాగితం మీద రాసి ఇస్తాను.