యూపీఎస్ బీప్, గంట సేపు మిక్స్

ఆషాఢం కదా, హన్మకొండలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మా మిక్సింగ్ ల్యాబుకు కొత్త పెళ్లిళ్లేం రావట్లేదు. వైశాఖం, జ్యేష్ఠం బాకీలే ఇంకా తీరలేదు. పొద్దున పరకాల పెళ్లి ఒకటి ముందేసుకున్నాను. తలంబ్రాల దాకా అయింది, అప్పగింతలు మిగిలాయి. హార్డ్‌డిస్కు నుంచి ఫుటేజీ కాపీ అవుతుంటే ఊరికే కూర్చోవడం ఎందుకని, రాత్రి దింపుకున్న మిక్స్ పెట్టుకున్నాను.

ఆన్‌లైన్ రేడియోల్లో ఇదొక అలవాటు. ఎవరో ఒక సంగీతకారుణ్ని అతిథిగా పిలిచి గంట టైమిస్తారు. తనవే వెయ్యాలని లేదు, నచ్చినవాళ్లవన్నీ ఒకదాంట్లోంచి ఒకటి పుట్టేలా కూరుస్తాడు. ఈసారి వచ్చినాయన యాంబియెంట్ (వెనకాల మెల్లగా పరుచుకునే తరహా), ప్రయోగాత్మక ఎలక్ట్రానిక్ సంగీతం చేసేవాడు. గొంతు లేదు, తాళం లేదు. మొదటి పది నిమిషాలైతే తంబుర శ్రుతి పెట్టేశాక పాడేవాళ్లు రాని కచేరీలా ఉంది.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాడికి ఒక రోగం ఉంటుంది, ఏది విన్నా అతుకు ఎక్కడుందో వెతుకుతాడు. డప్పు దెబ్బ పడ్డచోట షాట్ మారాలి, లేకపోతే పార్టీకి ఊపు రాదు. ఇందులో రెండో ముక్క ఎక్కడ మొదలైందో ఎంతకీ దొరకలేదు. ఉండబట్టక ఫైలుని మా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎడియస్ టైమ్‌లైన్ మీదికి లాగాను. సినిమా పాటైతే వేవ్‌ఫామ్ (శబ్దం హెచ్చుతగ్గుల గీత) ట్రాకు నిండా పరుచుకుంటుంది. ఇది సన్నగా, ఎక్కడా లేవకుండా సాగిపోయింది. పక్క సిస్టం మీదున్న తమ్ముడు చూసి "ఆడియో ఎగిరిపోయిందా అన్నా?" అన్నాడు. హెడ్‌ఫోన్ ఇస్తే అర నిమిషం విని, "గిది ఫ్యాన్ సప్పుడే గదనే" అని తిరిగిచ్చేశాడు.

ఫ్యానే కావచ్చు. పారిస్‌లో పియెర్ షెఫర్ అనే ఫ్రెంచ్ స్వరకర్త 1948లోనే రైలింజన్ల చప్పుళ్లు రికార్డు చేసి, ముక్కలు కోసి, మళ్లీ పేర్చి సంగీతమన్నాడు. అదీ టేపు మీద కాదు, డిస్కుల మీద. కాజీపేట జంక్షన్ పక్కన పెరిగినవాడికి ఇందులో వింతేముంది? షంటింగ్ చప్పుడు ఆగితేనే మా ఇంట్లో అందరికీ మెలకువ వచ్చేది.

ట్రాక్‌లిస్టులో అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) టేపుల్లోది కూడా ఒక ముక్క ఉంది. 1969లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అక్కడ మూగ్ సింథసైజర్ (కరెంటుతో స్వరాలు పుట్టించే వాద్యం) పెట్టి స్టూడియో నిలబెట్టాడు. 1972 దాకా అక్కడ చేసిన ప్రయోగాలు దశాబ్దాల పాటు ఆర్కైవులో పడి ఉండి, 2023లో ఆల్బమ్‌గా బయటికొచ్చాయి. మిక్స్ మొత్తంలో నాకు నచ్చింది ఆ ముక్కే. మిగతావి మెత్తగా జోకొడుతుంటే ఇది మొండిగా అడ్డం తిరిగింది. చివరి పావుగంట మాత్రం ఊరికే సాగదీశాడనిపించింది.

మధ్యలో కరెంటు పోయింది. కాపీ సగంలో ఉంది కాబట్టి సిస్టం ఆపలేదు, మానిటర్ ఒక్కటే ఆపేశాను. యూపీఎస్ బీప్ మొదలుపెట్టింది. అదే సమయానికి మిక్స్‌లో గంట మోగినట్టు ఒక స్వరం తిరిగి తిరిగి వస్తోంది. రెండూ ఒకచోట కలిశాయి, మళ్లీ విడిపోయాయి, ఇంకాసేపటికి బీప్ ముందుకెళ్లిపోయింది. చిరాకు పడాల్సింది పోయి లెక్కపెడుతూ కూర్చున్నాను. ఇంగ్లండ్ సంగీతకారుడు బ్రయాన్ ఈనో 1978లో ఎయిర్‌పోర్టుల కోసమని చేసిన ఆల్బమ్‌లో పని చేసింది ఈ కిటుకే. ఒక లూపు (చివర్లు అతికించి తిరిగి తిరిగి మోగేలా చేసిన టేపు) 23 సెకన్లన్నరకు తిరుగుతుంది, ఇంకొకటి 26కు కాస్త తక్కువలో, మూడోది దాదాపు 30కి. టేపు మరీ పొడుగైతే స్టూడియోలో కుర్చీల చుట్టూ తిప్పారట. లెక్క కలవదు కాబట్టి విన్నదే మళ్లీ విన్నట్టు ఉండదు.

కరెంటొచ్చాక అప్పగింతలు మొదలుపెట్టాను. ఈ సీనుకు ఎప్పుడూ అవే రెండు మూడు ఏడుపు పాటలు వేస్తాం. ఈసారి కాసేపు పాట తీసేసి కెమెరా సౌండే ఉంచాను: తల్లి ముక్కు చీదడం, మేళంవాళ్లు డోలు సంచీలో దూర్చడం, కారు డోరు పడటం. కింద ఒకే ఒక్క స్వరం, వినీ వినపడనట్టు.

సాయంత్రం ఓనరన్న వచ్చి చూశాడు. "పాట పడలేదేంరా? సౌండ్ పోయిందంటరు పార్టీవాళ్లు."

అంటారు కూడా. పాట వేసి ఒక కాపీ తీశాను. రెండోది వేరే ఫోల్డర్లో ఉంది. పెన్‌డ్రైవ్ కోసం పెళ్లికూతురి తమ్ముడు శనివారం వస్తానన్నాడు, ఓనరన్న లేని టైములో వస్తే వినిపించి చూస్తాను.