అంబలి గరిటె దగ్గర ధ్యాస

పర్లాకిమిడిలోని మా ఇంట్లో ఉదయం చోడి (రాగి) అంబలి కాచే పనిని ఈమధ్య నేనే అడిగి తీసుకున్నాను. మరుగుతున్న ఎసరులో చోడిపిండి జారును సన్నని ధారగా పోస్తూ, గరిటెను అడుగంటా తిప్పుతూ ఉంటే, బూడిదరంగు జారు క్రమంగా ముదురు రంగుకు తిరిగి, చిక్కబడి, బుడగలు టప్పుమని పగలడం మొదలవుతుంది; ఆ సమయంలో మనసు ఫోను మీదికో, నిన్న ఆఫీసులో పడ్డ మాట మీదికో పోయిందంటే ఉండ కట్టి తీరుతుంది.

విపశ్యన ధ్యాన శిబిరాల్లో ముందుగా నేర్పే, ఊపిరి రాకపోకలను గమనించే ఆనాపానకూ, 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ ఒత్తిడి తగ్గించడానికి ప్రారంభించిన ఎనిమిది వారాల శిక్షణకూ మూలసూత్రం దాదాపు ఒకటే: మనసు పక్కకు పోవడం తప్పు కాదు, పోయిందని గుర్తించి, విసుక్కోకుండా వెనక్కు తెచ్చుకోవడమే సాధన. ఆ విసుక్కోకపోవడమే అసలు కష్టమని నా అభిప్రాయం.

కళ్లు మూసుకుని కూర్చునే ధ్యానం నాకు పట్టుబడలేదు, అందుకు విచారమూ లేదు. సాయంత్రం మహేంద్రతనయ నది వైపు నడిచేటప్పుడు మాత్రం ఫోనును ఇంట్లోనే వదిలి, అరికాలు నేలను తాకడాన్ని గమనిస్తున్నాను. ఏమైనా మార్పు కనబడిందా అని ఇంట్లోవాళ్లు అడుగుతున్నారు. నిద్రలో పెద్ద తేడా లేదు గాని, వాళ్లు చెప్పేది ఇప్పుడు మొదటిసారికే చెవిన పడుతోంది.