19 సెకన్ల పరిచయం

"పేరు, ఊరు, చదువు... ఆ తర్వాత?" రైటింగ్ క్లాసులో ఇవాళ నాలుగో పరిచయానికే చూపులన్నీ ఫోన్ల మీదకి పోయాయి.

మర్చిపోలేని ఇంటర్నెట్ ముక్క ఏదైనా చెప్పమంటే ఒకరు యూట్యూబ్ మొట్టమొదటి వీడియో గుర్తుచేశారు. 2005 ఏప్రిల్ 23 నాటిది, మొత్తం 19 సెకన్లు. అమెరికాలోని శాన్ డియాగో జూలో వెనక ఏనుగులు, ముందు యూట్యూబ్ స్థాపకుల్లో ఒకరైన జావెద్ కరీమ్. చెప్పేది ఒక్కటే: వీటి తొండాలు చాలా చాలా పొడుగు. అంతే!

పరిచయానికీ అంత చాలు. పేరుకి ఒక వాక్యం, కంటికి కనబడే వస్తువు ఒకటి, దాని మీద రెండు వాక్యాలు. 40 మాటలు దాటితే వినేవాళ్లు జారిపోతారు. "సాహిత్యమంటే ఇష్టం" అంటే ఏమీ కనబడదు. "నాన్న సైకిల్ బెల్లు నా టేబుల్ మీదుంది" అనండి, పక్కవాళ్లు తలెత్తుతారు.

వీడియో గురించి రాసినా "భలే ఉంది" దగ్గర ఆగొద్దు. తొండం కనబడాలి.