హెడ్‌ఫోన్ ఆంప్, డాక్ కొనేముందు అన్నీ ఇంట్లో పెట్టుకుని విన్నాను: వైజాగ్ నుంచి నా అనుభవం

నా హెడ్‌ఫోన్ సెన్‌హైజర్ హెచ్‌డీ 650, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది, 300 ఓమ్‌లది, అంటే కరెంటుకి ఎక్కువ అడ్డుపడే రకం. కొన్నప్పటి నుంచి ఎవరిని అడిగినా ఒకటే మాట, "దీనికి మంచి ఆంప్ లేకపోతే వేస్ట్ గురూ". ఆంప్ అంటే హెడ్‌ఫోన్‌ని నడపడానికి సిగ్నల్‌ని పెంచే డబ్బా. సరే, ఏ ఆంప్ అంటే ఒకరు ఇది వార్మ్‌గా ఉంటుందంటారు, ఇంకొకరు అది ఎయిరీగా ఉంటుందంటారు, మూడో ఆయన నేరుగా అరవై వేల డబ్బా పేరు చెప్తాడు. అంత డబ్బు పెట్టేముందు నా చెవులతో విని తేల్చుకోవాలనుకున్నాను, అది అనుకున్నంత తేలికగా అవలేదు.

ముందు డాబాగార్డెన్స్, తర్వాత ద్వారకానగర్ తిరిగాను. డెస్క్‌టాప్ డాక్ కావాలనగానే షాపులో కుర్రాడు టీవీని పాత హోమ్ థియేటర్‌కి కలిపే చిన్న నల్ల కన్వర్టర్ డబ్బా తీసి కౌంటర్ మీద పెట్టాడు. ఒక పక్క ఆప్టికల్, ఇంకో పక్క ఎర్రా తెల్లా ఆర్‌సీఏ సాకెట్లు. సాంకేతికంగా అతను చెప్పింది కరెక్టే, అదీ డాకే, డిజిటల్ అంకెల్ని కరెంటుగా మార్చే పనే దానిదీను. కాకపోతే హెడ్‌ఫోన్ పెట్టే చోటు లేదు. ఇంక లాభం లేదని తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి ఎవరి దగ్గర ఏముందో అడిగి తెచ్చుకున్నాను.

అలా పోగయినవి ఇవి. ఆఫీసులో ఒకాయన ఐఫై జెన్ డాక్ ఇచ్చారు. ఎంవీపీ కాలనీ స్నేహితుడు ఫియో కే7 ఇచ్చాడు, ఈ రెండూ డాక్, ఆంప్ కలిసి ఉన్న డబ్బాలే. గాజువాకలో ఉండే మా బావ, స్టీల్ ప్లాంట్‌లో పనిచేస్తాడు, టంకం పట్టడమంటే పిచ్చి, తను సొంతంగా కట్టిన ఓ2 ఆంప్ ఇచ్చాడు, దాంతోపాటు తన ముద్దుల ట్యూబ్ ఆంప్ (పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో నడిచేది) కూడా, అదీ "జాగ్రత్తరా, ట్యూబులు వేడిగా ఉన్నప్పుడు కదపకు" అని పదిసార్లు చెప్పాక. ఇవి కాక నా దగ్గర ఆపిల్ డాంగిల్ ఉంది, టైప్-సీ నుంచి 3.5 జాక్‌కి వచ్చే ఆ తెల్ల తీగముక్క, అందులోనూ బుల్లి డాక్, ఆంప్ ఉంటాయి. ఇంకొకటి, ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్‌కి దొరికిన చిన్న ఆంప్, పేరు చెప్పను, దాని కథ తర్వాత.

ఓ2 గురించి తెలియనివాళ్ళకి ఒక మాట. 2011లో ఒక ఇంజినీరు అసలు పేరు చెప్పకుండా నావ్‌గై అనే పేరుతో ఈ ఆంప్ సర్క్యూట్ మొత్తం ఉచితంగా బయటపెట్టాడు. మంచి హెడ్‌ఫోన్ ఆంప్ అంటే వేలకు వేలు పోయక్కర్లేదు, కొలిచి చూపిస్తాను రండి అన్నది ఆయన వాదన. 2012లో ఆ మనిషి చప్పుడు లేకుండా మాయమైపోయాడు, డిజైన్ మాత్రం ఇప్పటికీ బతికే ఉంది. రెండు 9 వోల్ట్ బ్యాటరీలతో కూడా నడుస్తుంది కాబట్టి మా వీధిలో కరెంటు పోయినా పాట ఆగలేదు, ఆ ఒక్కదానికే సగం మనసు దాని మీదకి పోయింది.

ఇప్పుడు వినడం. మొదట అందరూ చేసేదే చేశాను, ఒకటి తీసి ఇంకొకటి పెట్టి విన్నాను. కే7 పెట్టగానే అబ్బ అనిపించింది, గాయకుడు నాలుగడుగులు ముందుకొచ్చి కూర్చున్నాడు, మృదంగం తొప్పి దెబ్బ గట్టిగా తగిలింది. మా తమ్ముడు పక్కనే ఉన్నాడు, పాలిటెక్నిక్‌లో చదువుతున్నాడు, "అన్నయ్యా, అది సౌండ్ ఎక్కువుంది అంతే" అన్నాడు. మనిషి చెవికి కొంచెం గట్టిగా వినిపించేదే బాగున్నట్టు అనిపిస్తుంది, ఆ తేడా అర డెసిబెల్ ఉన్నా చాలు, గట్టిగా ఉందని తెలియదు, "క్లారిటీ" ఉందనే అనుకుంటాం. రెండు ఆంప్‌లని పోల్చాలంటే ముందు రెండిటి వాల్యూమ్ ఒకటే చేయాలి, చెవితో కాదు, మీటర్‌తో.

తమ్ముడి మల్టీమీటర్ బయటికొచ్చింది. చవక మీటర్లు ఏసీ కొలిచేది ఇంటి కరెంటుని దృష్టిలో పెట్టుకునే, కాబట్టి 50 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి, హెడ్‌ఫోన్ తగిలించే ఉంచి, ఆంప్ అవుట్‌పుట్ దగ్గర మిల్లీవోల్టులు చూసుకున్నాం. 300 మిల్లీవోల్టులకి అటూఇటూ మూడు దాటకూడదు, అప్పుడే తేడా 0.1 డెసిబెల్ చుట్టూ ఉంటుంది. నాబ్‌ని వెంట్రుకవాసి తిప్పడం, మీటర్ చూడడం, మళ్ళీ వెనక్కి తిప్పడం, వేళ్ళు పీకేశాయి. తర్వాత జెన్ డాక్ లైన్ అవుట్‌ని (వేరే ఆంప్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్) చీల్చి ఓ2కి, కే7 వెనక ఉన్న లైన్ ఇన్‌కి ఇచ్చాం, డాబాగార్డెన్స్‌లో కొన్న టాగుల్ స్విచ్‌తో తమ్ముడు నా వెనక కూర్చుని మార్చేవాడు. ఏది నడుస్తోందో నాకు కనపడదు.

వాల్యూమ్ కలిసిపోయాక జెన్ డాక్ సొంత హెడ్‌ఫోన్ అవుట్, ఓ2, కే7, ఈ మూడిటినీ నేను విడదీయలేకపోయాను. ఊరికే అంటున్నది కాదు, ఒక్కోసారి "ఇది కచ్చితంగా కే7" అని చెప్తే తమ్ముడు నవ్వేవాడు. ఘటం, వీణ, కొత్త సినిమా పాటల్లో బేస్, ఏది పెట్టినా నా జవాబులు బొమ్మా బొరుసూ వేసినట్టే ఉన్నాయి. జెన్‌లో ట్రూబేస్ బటన్ నొక్కితే వెంటనే తెలిసిపోతుంది, అది కావాలని బేస్ పెంచే బటన్ కాబట్టి దాన్ని తీసి పక్కన పెట్టాం. డాక్‌లని కూడా లాప్‌టాప్ సెట్టింగ్‌లో మార్చి, అదే చరణం మళ్ళీ మొదటి నుంచి వేసి విన్నాం, అక్కడా అంతే. కే7లో ఉన్నది జపాన్ ఏకేఎం వాళ్ళ డాక్ చిప్. 2020 అక్టోబర్‌లో ఆ కంపెనీ ఫ్యాక్టరీ తగలబడి చిప్‌లు దొరక్క చాలామంది తయారీదారులు వేరే చిప్‌లకి మారిపోయారు, అప్పట్లో ఏకేఎం సౌండ్ పోయిందని ఎంత గోల జరిగిందో. నా చెవికి మాత్రం డాంగిల్‌లో ఉన్న బుల్లి చిప్‌కీ దానికీ తేడా దొరకలేదు.

మరి డాంగిల్ సరిపోతుందా అంటే, లెక్క చూడండి. లాప్‌టాప్‌కి పెడితే అది దాదాపు 1 వోల్ట్ ఇస్తుంది. 300 ఓమ్‌ల మీద 1 వోల్ట్ అంటే మూడు మిల్లీవాట్ల చిల్లర, వినడానికే నవ్వొస్తుంది, కానీ హెచ్‌డీ 650కి 1 వోల్ట్ ఇస్తే 103 డెసిబెల్స్ వస్తుందని కంపెనీయే రాసింది. ఇప్పటి సినిమా పాటలకి అది ఎక్కువే, చెవులు చిల్లులు పడతాయి. ఎక్కడ చాలదంటే పాత కచేరీ రికార్డింగ్‌లకి. అవి అసలే తక్కువ లెవెల్‌లో ఎక్కించి ఉంటాయి, వాల్యూమ్ నూటికి నూరు పెట్టినా ఆలాపన దగ్గర ఇంకాస్త ఉంటే బాగుండును అనిపిస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకి అదే డాంగిల్ పెడితే ఇంకా తక్కువ వస్తుంది, ఫోన్‌తో వినేవాళ్ళు అది గుర్తుపెట్టుకోండి. కే7 బ్యాలెన్స్‌డ్ అవుట్‌లో (ఎక్కువ పవర్ ఇచ్చే రెండో రకం సాకెట్) 32 ఓమ్‌లకి 2000 మిల్లీవాట్లు ఇస్తుంది, నాకు అందులో పిసరంత చాలు.

అసలు తేడాలు నేను వెతకని చోట బయటపడ్డాయి. విజయనగరం సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్, పాత గ్రామఫోన్ రికార్డు, బరబర చప్పుడుతో సహా, మోనో, అంటే రెండు చెవులకీ ఒకటే ధ్వని. మోనో కాబట్టి వయొలిన్ సరిగ్గా తల మధ్యలో వినిపించాలి. రాత్రి పూట తక్కువ వాల్యూమ్‌లో ఆ పేరు చెప్పనన్న చిన్న ఆంప్‌లో పెడితే వయొలిన్ ఎడమ చెవి వైపు జరిగిపోయింది, నాబ్ కొంచెం పెంచితే మళ్ళీ మధ్యకి వచ్చింది. వాల్యూమ్ నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటర్‌లో రెండు వైపులూ మొదట్లో సమానంగా ఉండవు, చవక వాటిలో ఇది మామూలే. పైగా అది తిప్పుతుంటే కరకర, మన సముద్రం గాలికి జాక్‌లూ నాబ్‌లూ తుప్పుపట్టడం కొత్త కాదు కదా. కాంటాక్ట్ క్లీనర్ కొడితే కరకర తగ్గింది, పక్కకి జరగడం మాత్రం పోలేదు. కే7లో నాబ్ తిప్పినా లోపల వాల్యూమ్ మార్చేది డిజిటల్‌గానే, ఎంత తగ్గించినా వయొలిన్ మధ్యలోనే ఉంది.

రెండోది గుయ్‌మనే హమ్. డెస్క్ మీద స్పీకర్లు కూడా కలిపి ఉంటాయి నాకు. లాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే హమ్, తీస్తే నిశ్శబ్దం. గ్రౌండ్ లూప్ అంటారు దీన్ని, లాప్‌టాప్ ఎర్త్ ఒక దారిలో, స్పీకర్ల ఎర్త్ ఇంకో దారిలో పోయి మధ్యలో యూఎస్‌బీ తీగ ద్వారా చుట్టు కట్టేస్తాయి. త్రీ పిన్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ పీకేయమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు, ప్రాణం మీద తీపి ఉంటే ఆ పని చేయకండి. డెస్క్‌టాప్ కంప్యూటర్ నుంచి ఆప్టికల్ కేబుల్ పెట్టాను, అందులో వెళ్ళేది వెలుతురే తప్ప కరెంటు కాదు, హమ్ అక్కడితో ఖతం. ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్నది కే7కే.

ట్యూబ్ ఆంప్ సంగతి వేరు. దాన్ని మీటర్ లేకుండానే, కళ్ళు మూసుకునే, అందరం గుర్తుపట్టాం, మా అమ్మతో సహా. హెచ్‌డీ 650 పేరుకి 300 ఓమ్‌లు గానీ బేస్ దగ్గర అది 500 దాకా పోతుంది, ట్యూబ్ ఆంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (దాని లోపలి అడ్డు) ఎక్కువ, రెండూ కలిసి బేస్ ఉబ్బుతుంది. తొప్పి దెబ్బ గుండ్రంగా, బరువుగా వస్తుంది, వార్మ్ అనేది ఇదే. "చూశావా, తేడా లేదన్నావు" అన్నాడు బావ. తేడా ఉంది బావా, ఎందుకుందో కూడా తెలుసు అని, కే7కి లాప్‌టాప్‌లో ఈక్వలైజర్ పెట్టి 90 హెర్ట్జ్ చుట్టూ రెండు మూడు డెసిబెల్స్ పెంచి వినిపించాను. చాలాసేపు విన్నాడు. "దగ్గరికొచ్చింది రా. కానీ ఆ ట్యూబుల వెలుగు ఏదీ?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ట్యూబ్ ఆంప్ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇంకొకటి చెప్పాలి. సీడీ 16 బిట్‌లకే 96 డెసిబెల్స్ రేంజ్ (అతి చిన్న చప్పుడుకీ అతి పెద్ద చప్పుడుకీ మధ్య తేడా) ఉంది, ఈ కొత్త డబ్బాలు అంతకంటే చాలా ఎక్కువ రాసుకుంటాయి. మే నెలలో వైజాగ్ ఉక్కపోతలో ఓపెన్ బ్యాక్ (బయటి చప్పుడు లోపలికి వచ్చే రకం) హెడ్‌ఫోన్ పెట్టుకుని ఫ్యాన్ ఐదులో తిరుగుతుంటే ఆ రేంజ్‌లో అడుగు భాగమంతా ఫ్యాన్ రెక్కలకే పోతుంది. ఫ్యాన్ ఆపి వింటే చెమటకి ఇయర్‌ప్యాడ్‌లు తడుస్తాయి. ఏసీ వేసి, చల్లబడ్డాక కట్టేసి, మళ్ళీ వేడెక్కేలోపు వినడం, నా పద్ధతి అదీ.

చివరికి కే7నే స్నేహితుడి దగ్గర బేరమాడి ఉంచేసుకున్నాను, సౌండ్ వేరేగా ఉంటుందని కాదు, నాబ్ కోసం, ఆప్టికల్ కోసం, పాత కచేరీలకి కావలసిన గెయిన్ (సౌండ్ పెంచే బలం) కోసం. డాంగిల్ ఆఫీసు బ్యాగులో పడేశాను, అక్కడ వినేవి ఎలాగూ సినిమా పాటలే. చిన్న ఆంప్ ఇంకా అమ్ముడవలేదు, ఎవరైనా ఫోన్ చేస్తే తక్కువ వాల్యూమ్‌లో ఎడమకి లాగుతుందని ముందే చెప్తున్నాను, అందుకే అమ్ముడవట్లేదేమో.