వేళ్లు లేని అవ్వకు ఆధార్ తీయించాం

మొత్తానికి అవ్వ ఆధార్ వచ్చింది. నిన్న పోస్ట్‌మ్యాన్ ఇచ్చి పోయాడు. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. నాలుగు రోజులు ఆగితే మర్యాదగా రాస్తానేమో.

మా నిజామాబాద్ జిల్లాలో డిచ్‌పల్లి ఆసుపత్రి పేరు విననివాళ్లుండరు. ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరమ్మ 1915లో కుష్టు రోగుల కోసం పెట్టింది. అక్కడ నయమై, సొంత ఊరు రానివ్వక, ఆ చుట్టుపక్కలే బతికినవాళ్లు ఎందరో. అవ్వ కూడా అంతే. నాందేడ్ వైపు నుంచి పడుచు వయసులో వచ్చింది. రోగం ఎప్పుడో పోయింది, వేళ్లూ పోయాయి. ఆధార్ ఎవరూ తీయించలేదు, అది లేక పెన్షనూ లేదు. మా చర్చి సంఘం నెలనెలా బియ్యం ఇస్తోంది. బియ్యం ఇవ్వడం తేలికే.

కాగితాల పని కష్టం కాలేదు. ఆధార్ వాళ్ల నమూనాలో సర్టిఫికెట్ రాయించి, దాని మీద గెజిటెడ్ అధికారి సంతకం, ఫోటో మీద ముద్ర ఉంటే చాలు. ఆ సర్టిఫికెట్ మూడు నెలలే చెల్లుతుంది, ముందే తీసి పెట్టెలో దాచుకోకండి.

అసలు నరకం ఆధార్ సెంటర్‌లో. పొద్దున్నే వెళ్లి లైన్‌లో నిలబడ్డాం. మా వంతు రాగానే ఆపరేటర్ తలెత్తకుండానే "వేళ్లు పెట్టమ్మా" అన్నాడు. "వేళ్లు లేవు బిడ్డా" అంది అవ్వ. అప్పుడు చూశాడు. చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "మిషన్ ముట్టుకోవద్దని చెప్పండి సార్" అని ఆమెతో కాదు, నాతో అన్నాడు. ఆమె చెవులు బాగానే పనిచేస్తాయి. లైన్‌లో ఒకాయన "ఇట్లాంటోళ్లను దవాఖానకు తీస్కపోవాలి గాని ఇక్కడికా" అన్నాడు. మా వెనక నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు పిల్లలను పట్టుకుని పక్కకు జరిగారు. అవ్వ రెండు చేతులూ కొంగులో దాచుకుని "పోదాం పా, నాకొద్దు" అంది.

మందులు వాడి నయమైనవాళ్ల నుంచి ఈ రోగం అంటదు. ఆ మందులు సర్కారు దవాఖానలో ఉచితం, ఆరు నెలలో ఏడాదో కోర్సు. ఇది తెలియనివాళ్లను ఒక్క మాటతో వదిలేయొచ్చు. కానీ కుష్టురోగిని యేసు చెయ్యి చాపి ముట్టిన వాక్యం మీద ప్రసంగం విని, అదే మధ్యాహ్నం అవ్వ ఇంట్లో టీ వద్దన్న మా సంఘం పెద్దలను ఏమనాలి? డిసెంబర్‌లో దుప్పట్లు పంచి ఫోటోలు దిగడానికి వ్యాన్ నిండా వస్తారు. జూన్ ఎండలో లైన్‌లో నిలబడదాం రమ్మంటే అందరికీ బీపీయే.

నేను ఆర్టీసీ కండక్టర్‌గా రిటైరైనవాణ్ణి. సంతరోజు ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లను లోపలికి పంపిన గొంతు ఇది. "సిస్టం తీసుకోదు" అని ఆ ఆపరేటర్ పిల్లగాడు అనగానే, మా పిల్లతో తీయించుకున్న ప్రింటవుట్ టేబుల్ మీద పెట్టి అందరికీ వినబడేలా చదివాను. వేళ్లు లేకపోతే కనుపాపలు చాలు, అవీ కుదరకపోతే రెండూ లేకుండానే నమోదు చేయాలి. కేరళలో వేళ్లు లేని ఒకామెకు ఆధార్ ఇవ్వనప్పుడు, 2023 డిసెంబర్‌లో కేంద్రం మళ్లీ స్పష్టంగా చెప్పిన సంగతి ఇది. అక్కడే నిలబడి ఆధార్ హెల్ప్‌లైన్ నంబర్ 1947కు ఫోన్ కూడా కలిపాను. లైన్ కలిసేలోపే లోపలినుంచి సూపర్‌వైజర్ వచ్చాడు. అంతవరకు లేని ఆప్షన్ ఆయన మౌస్ పట్టుకోగానే సిస్టంలో కనబడింది.

కుష్టు వల్ల అవ్వ ఎడమ కన్ను సరిగా మూసుకోదు. ఎప్పుడూ నీళ్లు కారుతుంటాయి. మిషన్ దాన్ని వెంటనే పట్టుకుంది, మంచి కన్నే చాలాసేపు సతాయించింది. ఆఖర్న ముఖంతోపాటు రెండు చేతులూ కనబడేలా ఇంకో ఫోటో తీయాలి, అది రూలు. అవ్వ కొంగులోంచి చేతులు తీయనంది. అక్కడ నా గొంతు పనికిరాలేదు. మా ఇంటావిడ పక్కన కూర్చుని ఆ చేతులు పట్టుకుని మెల్లగా పైకెత్తింది. ఆడమనిషికి తోడుగా ఆడమనిషి ఉండాలి, తప్పకుండా తీసుకెళ్లండి.

రసీదు పారేయకండి, నమోదు నంబర్ దాని మీదే ఉంటుంది. పెద్దవాళ్లకు కొత్తగా తీస్తే రాష్ట్ర ప్రభుత్వ పరిశీలన ఉంటుంది, ఆరు నెలల వరకు పట్టొచ్చు. మాకూ ఆలస్యమైంది, ఎదురుచూడటం తప్ప చేసిందేం లేదు.

ఆసరా పెన్షన్ కావాలంటే బ్యాంకు ఖాతా ఉండాలన్నారని ఈ పొద్దున వెళ్లాం. కౌంటర్‌లో అమ్మాయి మిషన్ ముందుకు జరిపి "వేలు పెట్టండి" అంది. మేనేజర్ సెలవులో ఉన్నాడట. సోమవారం మళ్లీ వెళ్తున్నాం, ప్రింటవుట్ సంచిలోనే ఉంది.